వినపడని గొంతులు: బ్యాండు మేళంతో మూడు గాయక బృందాలు కలిసిన ఒక కచేరీ కేస్ స్టడీ

నేపథ్యం

విజయనగరంలో సంగీతం రెండు దారుల్లో నడిచింది. ఒకటి 1919లో మొదలైన సంగీత కళాశాల దారి. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా, ఆయన తరువాత ద్వారం వెంకటస్వామి నాయుడు అధ్యక్షుడిగా నడిపిన ఆ కళాశాల వల్ల ఈ ఊరి చెవి గాత్రానికీ వయొలిన్‌కీ వీణకీ అలవాటు పడింది. రెండోది వీధి దారి. పైడితల్లి అమ్మవారి జాతరలోనూ పెళ్ళి ఊరేగింపుల్లోనూ క్లారినెట్లు, ట్రంపెట్లు, యుఫోనియాలు (లోతుగా పలికే ఇత్తడి బూరలు), పెద్ద డ్రమ్ము కలిసి నడుస్తూ వాయించే బ్యాండు మేళం ఆ దారిది. మొదటి దారిలోని వాళ్ళు రెండో దారిలోని వాళ్ళను గుమ్మం దగ్గర నిలబడి వింటారు గాని, ఇద్దరూ ఒకే వేదిక మీద కూర్చోవడం నా అనుభవంలో అరుదు.

ఈ కేసు అలా కూర్చోబెట్టిన ఒక కచేరీకి సంబంధించినది. పట్టణంలోని ఒక పౌర బృందం చందాలు వేసుకొని, సంక్రాంతి తరువాతి ఒక సాయంత్రం ఆరుబయట వేదిక మీద సుషిర వాద్యాలతో, అంటే ఊది వాయించే వాద్యాలతో, కచేరీ పెట్టాలని, దానికి మూడు గాయక బృందాలను అతిథులుగా పిలవాలని నిర్ణయించింది. వాద్య బృందంలో 22 మంది ఉన్నారు: ఆరు క్లారినెట్లు, మూడు సాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, మూడు యుఫోనియాలు, రెండు ట్రాంబోన్లు, ఒక సూసాఫోన్ (ఒంటికి చుట్టుకొనే పెద్ద బూర), ముగ్గురు డ్రమ్ములవాళ్ళు. అతిథుల్లో ఒకటి కీర్తనలు పాడే మహిళా బృందం, ఒకటి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చర్చి గాయక బృందం, ఒకటి బడి పిల్లల బృందం. వ్యక్తుల, సంస్థల గుర్తులు వదిలివేశాను. శ్రుతులు, వాద్యాలు, నిర్ణయాల వరుస మాత్రం నా నోటు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. నేను మొదట క్లారినెట్ వాద్యకారుడిని, తరువాత బృందగానం నేర్పేవాడిని అయ్యాను. కనుక ఈ కేసులో ఎవరి పక్షాన నిలబడాలో నాకు మొదటి నుంచీ ఇబ్బందిగానే ఉంది.

నా దగ్గరకు వచ్చిన సమస్య

కచేరీకి మూడు వారాల ముందు నన్ను పిలిచారు. అప్పటికే రెండు అభ్యాసాలు జరిగాయి. నిర్వాహకులు, మైకు సెట్టు నడిపే కుర్రవాడు, మహిళా బృందానికి నేర్పే టీచరు గారు, ముగ్గురూ చెప్పినది ఒకటే: పాడేవాళ్ళ గొంతులు వినపడడం లేదు. అందరూ సూచించిన మందు కూడా ఒకటే: మరో నాలుగు మైకులు. ఫిర్యాదు చేసేవాళ్ళందరూ ఒకే కారణం చెబుతున్నప్పుడు దాన్ని వెంటనే కొట్టిపారేయకూడదు. నిజంగానే అది కారణమైతే మూడు వారాలు వేరే దారుల్లో వృథా అవుతాయి. అందుకని ముందు వాళ్ళు చెప్పిన మందే వేసి చూడాలని అనుకున్నాను.

మొదట చేసినవి, ఫలించనివి

గాయకులు ముందు వరుసలో ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడ్డారు, వాళ్ళ వెనకే బ్యాండు కూర్చుంది. మైకులు గాయకులకు ఎదురుగా ఉన్నాయి. అంటే ప్రతి మైకూ గాయకుడి ముఖాన్ని ఎంత సూటిగా చూస్తోందో, ఆ ముఖం వెనక ఉన్న ట్రంపెట్ నోటినీ అంతే సూటిగా చూస్తోంది. మైకుల సంఖ్య పెంచి మిక్సరులో పైకి జరిపితే గొంతులతో పాటు బ్యాండు కూడా పెరిగింది. ఇంకాస్త జరిపితే బాక్సులు కీచుమన్నాయి. ఇది అరగంటలో తేలిపోయింది.

రెండో ప్రయత్నంగా స్థానాలు మార్చాను. బ్యాండు ముందుకు, గాయకులు వెనక మెట్ల మీదకు వెళ్ళారు. ఇప్పుడు మైకుల వీపు బ్యాండు వైపు ఉంది, ట్రంపెట్ల నోళ్ళు ప్రేక్షకుల వైపు ఉన్నాయి. పాశ్చాత్య కచేరీల్లో వాడే అమరిక ఇదే కాబట్టి నాకు కొంత ధీమా కలిగింది. మైకుల కీచు తగ్గింది కూడా. కాని మెట్ల చివరి వరుస నుంచి పెద్ద డ్రమ్ముకు దాదాపు 12 మీటర్ల దూరం వచ్చింది. శబ్దం సెకనుకు 340 మీటర్ల పైచిలుకు వెళ్తుంది కనుక ఆ దూరానికి సెకనులో ముప్పయ్యో వంతు పడుతుంది. డ్రమ్మును వింటూ పాడేవాళ్ళు అంత ఆలస్యంగా అందుకుంటారు, వాళ్ళ పాట ముందుకు రావడానికి అంతే ఆలస్యం కలుస్తుంది. వెరసి పాట లాగినట్టు వినిపించింది. చెవితో కాక నా చేతిని చూసి పాడమని చెప్పాక ఆ లోపం చాలావరకు పోయింది. అయినా గొంతులు మాత్రం పలచగానే ఉన్నాయి. ఇక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. మైకుకు గొంతు చేరుతోంది, బ్యాండు చేరడం లేదు, అయినా బలం లేదు. అలాంటప్పుడు లోపం మైకుకు ఇవతల ఉండాలి.

మూడో ప్రయత్నం నేను చేసిన తప్పు. బ్యాండును మెల్లగా వాయించమన్నాను. క్లారినెట్ వాయించినవాడిని, ఈ మాట అనకూడదని నాకు తెలిసి ఉండాలి. వీధిలో ఐదారు గంటలు నడుస్తూ, లారీ హారన్ల మీదుగా వినిపించడానికి గట్టి రీడ్లు (ఊదితే అదిరే పలచని పుల్లలు) పెట్టుకొని పెదవులు బిగించి నేర్చుకున్న చేతులవి. వాళ్ళను ఒక్కసారిగా సగం ఊపిరితో వాయించమంటే శబ్దంతో పాటు శ్రుతి కూడా కదులుతుంది. పైగా అన్ని వాద్యాలూ ఒకే వైపు కదలవు. ఊపిరి తగ్గించినప్పుడు క్లారినెట్ కొంచెం పైకి జారుతుంది, ఇత్తడి వాద్యాలు కిందికి జారే అలవాటున్నవి. ఆ సాయంత్రం వినిపించినది మెల్లని బ్యాండు కాదు, శ్రుతి విడిపోయిన బ్యాండు. దానికి తోడు ఈ మాట నేను అందరి ముందూ అన్నాను. బ్యాండు లీడరు నలభై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న మనిషి. ఆయన వాద్యం పెట్టెలో పెట్టుకొని వెళ్ళిపోయారు, తరువాతి రెండు అభ్యాసాలకు రాలేదు.

కారణం కనిపించిన చోటు

ఆ రెండు రోజుల ఖాళీ ఒక విధంగా మేలు చేసింది. బ్యాండు లేదు కనుక మహిళా బృందాన్ని వరండాలో నిలబెట్టి, మైకు లేకుండా, శ్రుతిపెట్టె వాళ్ళకు నచ్చిన చోట పెట్టుకొని పాడమన్నాను. నేను గేటు దాకా నడిచాను. ప్రతి అక్షరమూ వినిపించింది. పద్నాలుగు మంది గొంతులు అంత దూరం పోతుంటే, వేదిక మీద ఎనిమిది మైకులు ఉండి కూడా ఎందుకు పోలేదు? వెనక్కి వచ్చి శ్రుతిపెట్టె చూశాను. ఐదున్నర దగ్గర ఉంది. మన శ్రుతి అంకెల్లో ఒకటి, రెండు, మూడు కీబోర్డు మీది తెల్ల మెట్లు, ఒకటిన్నర, రెండున్నర లాంటివి వాటి మధ్యనున్న నల్ల మెట్లు; అంకె పెరిగేకొద్దీ శ్రుతి పైకి వెళుతుంది.

బ్యాండుతో అభ్యాసమంతా రెండున్నర శ్రుతిలో జరిగింది. దాన్ని ఎవరూ కుట్రపూరితంగా నిర్ణయించలేదు. రెండున్నర అంటే పాశ్చాత్య లెక్కలో ఇ ఫ్లాట్, బ్యాండు వాద్యాలకు అది సొంత ఇల్లు లాంటిది. మొదటి సమావేశానికి వచ్చిన గాయకుల్లో మగవాళ్ళే ఎక్కువగా ఉండడంతో వాళ్ళకూ సరిపోయింది. కాని ఐదున్నరలో పాడే స్త్రీలను రెండున్నరకు దించితే షడ్జం, అంటే ‘స’, ఐదు అర మెట్లు (తెల్లవీ నల్లవీ కలిపి కీబోర్డు మీద ఐదు మెట్లు) కిందికి వెళుతుంది. కీర్తనలో మంద్ర స్థాయికి దిగే చోట్ల అక్కడ స్వరం ఉంటుంది గాని గొంతు ఉండదు. పై స్థాయి షడ్జానికి ఎక్కి పాడదామంటే పల్లవి దాటేసరికి కేకలవుతుంది. వాళ్ళు మర్యాదగా కిందనే ఉండి గొణిగారు. టీచరు గారిని అడిగితే, "మొదటి రోజే అనుకున్నాం మాస్టారూ, మా గొంతు అక్కడ నిలవదని. బ్యాండు వాళ్ళకు అదే కుదురుతుందన్నారు, ఇంకేం అంటాం?" అన్నారు. పిల్లల బృందానిదీ అదే కథ. మైకు ఉన్న బలాన్ని పెంచగలదు గాని లేని బలాన్ని తేలేదు.

చర్చి బృందం ఇబ్బంది మరో రకం. వాళ్ళ గొంతుల్లో బలం ఉంది, నాలుగు భాగాలుగా విడి పాడే అలవాటూ ఉంది. కాని వాళ్ళు గిటారు మీద మూడో శ్రుతిలో, అంటే ఇ మేజర్‌లో నేర్చుకొని వచ్చారు. బి ఫ్లాట్ క్లారినెట్‌కు అది ఆరు షార్పుల వేళ్ళు, ఇ ఫ్లాట్ సాక్సఫోన్‌కు ఏడు. షార్పులు పెరిగేకొద్దీ వేళ్ళు పట్టడం కష్టమవుతుంది. బ్యాండు కుర్రాళ్ళు ఆ పాటలో సగం స్వరాలు తడబడి, తడబాటు కప్పుకోవడానికి ఇంకా గట్టిగా ఊదారు. దూరం నుంచి విన్నవారికి ఇది కూడా "గొంతులు వినపడడం లేదు" అన్న ఫిర్యాదుగానే చేరింది.

పనిచేసినవి

ముందు లీడరు గారి ఇంటికి వెళ్ళాను. అందరి ముందూ అన్నందుకు తప్పు ఒప్పుకొని, శ్రుతుల కాగితం ఆయన ముందు పెట్టాను. మహిళా బృందం కోసం ఐదున్నర అనగానే ఆయన తల అడ్డంగా ఊపారు. "అది మా వేళ్ళకి రాదు మాస్టారూ" అన్నారు. అప్పుడు ఆయన క్లారినెట్ తీయించి లెక్క చూపించాను. ఐదున్నర అంటే ఎ ఫ్లాట్. బి ఫ్లాట్ క్లారినెట్ మీద, ట్రంపెట్ మీద రాసినదానికంటే రెండు అర మెట్లు కింద పలుకుతుంది కనుక దాన్ని అంత పైకి రాసుకోవాలి, అంటే వేళ్ళకు అది బి ఫ్లాట్ మేజర్. సాక్సఫోన్ వేళ్ళకు ఎఫ్ మేజర్. రెండూ ఆయన రోజూ పెళ్ళిళ్ళలో వాయించే వరుసలే. ఆయన ఒకసారి వాయించి, మళ్ళీ వాయించి, "ఇదేనా ఐదున్నర?" అన్నారు. స్త్రీల శ్రుతి మొదటి నుంచీ బ్యాండుకు అనుకూలమైనదే. ఇద్దరూ ఒకే స్వరానికి రెండు పేర్లు పెట్టుకొని ఒకరినొకరు కష్టమనుకున్నారు. ఈ కేసు మొత్తంలో నాకు ఇప్పటికీ వింతగా తోచే భాగం ఇదే.

చర్చి బృందాన్ని అర మెట్టు కిందికి, రెండున్నరకు రమ్మన్నాను. పాడేవాళ్ళకు ఆ తేడా తెలియనే తెలియదు. గిటారు మొదటి మెట్టు మీద క్యాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే బిగింపు) బిగించి డి మేజర్ పట్లు పడితే ఇ ఫ్లాటే వస్తుంది, కీబోర్డులో శ్రుతి మార్చే మీట నొక్కితే చాలు. పిల్లలకు నాలుగు శ్రుతి పెట్టాను. అన్ని బృందాలూ కలిసి పాడే చివరి గేయానికి మాత్రం ఆరున్నర ఎంచుకున్నాను. ఆ వరుస షడ్జం నుంచి పై రిషభం దాకానే తిరుగుతుంది. కనుక స్త్రీలూ పిల్లలూ ఒక స్థాయిలో, మగవాళ్ళు దాని కింది స్థాయిలో పాడితే ఎవరికీ గొంతు బిగుసుకోదు. ఒకే శ్రుతి అందరికీ న్యాయం అన్న ఆలోచనను వదులుకున్నాకే ఈ నాలుగు శ్రుతులు కుదిరాయి.

తరువాత సమస్య సంఖ్యది. మెల్లగా వాయించే 22 మంది కంటే మామూలుగా వాయించే ఏడుగురు మేలని ఇప్పుడు తెలిసింది. కీర్తనలకు మూడు క్లారినెట్లు, ఒక సాక్సఫోన్, రెండు యుఫోనియాలు, ఆధారంగా సూసాఫోన్ మాత్రం ఉంచి, డ్రమ్ముల బదులు మృదంగం పెట్టాలనుకున్నాను. ఇది సంగీతానికి సరే, మనుషులకు కాదు. "మిగతా కుర్రాళ్ళు పెళ్ళికి పిలిచి పందిట్లో కూసోబెట్టినట్టు సూస్తూ ఉండాలా?" అని లీడరు అడిగినప్పుడు నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. నిర్వాహకులతో మాట్లాడి రెండు మార్పులు చేయించాను. కచేరీ వేదిక మీద కాక గేటు దగ్గర మొదలవుతుంది, మొత్తం బ్యాండు జాతర నడకతో ప్రేక్షకుల మధ్యనుంచి వాయిస్తూ వస్తుంది. మధ్యలో గాయకులెవరూ లేని ఒక అంశం పూర్తిగా వాళ్ళది. గట్టిగా వాయించడానికి వాళ్ళకొక చోటు దొరికాక, మరో చోట కూర్చోవడం అవమానంగా అనిపించలేదు. ఏ అంశానికి ఎవరు కూర్చోవాలన్నది కూడా నేను కాక లీడరే నిర్ణయించారు.

చివరి గేయం గురజాడ వారి దేశభక్తి గేయం. ఈ ఊళ్ళో కచేరీ పెట్టి అది పాడకపోతే ఊరుకోరు. అది ముత్యాలసరం, మూడు మాత్రలు, నాలుగు మాత్రలు కలిసి ఏడేసి మాత్రలుగా నడిచే ఛందస్సు. మేము ఎంచుకున్న వరుస ఆ ఏడు మాత్రల నడకనే పాటిస్తుంది. సైడ్ డ్రమ్ము వాయించే ఆయన చేయి మాత్రం కవాతుకు అలవాటు పడి, ఏడో మాత్ర తరువాత తెలియకుండానే ఇంకొకటి కలిపి ఎనిమిది చేసేది. ప్రతి ఏడు మాత్రలకూ పాడేవాళ్ళు ఒక మాత్ర ముందుకు పోయేవారు. లెక్క చెప్పి నేర్పబోతే కుదరలేదు. "ఏడు లెక్కెడితే సెయ్యి ఆగిపోతాది మాస్టారూ, ఎనిమిదైతే ఒళ్ళే నడుస్తాది" అన్నాడాయన. ఆ మాటలో నాకు దారి కనిపించింది. ఆయనకు కావలసింది అంకె కాదు, ఒంటికి పట్టే నడక. కర్రలు పక్కన పెట్టించి, పిల్లల వరుసలో నిలబెట్టి, వాళ్ళతో కలిసి "తకిట తకధిమి" చప్పట్లు కొట్టించాను, తరువాత గేయం మాటలే పెదవుల మీద అనుకుంటూ కొట్టమన్నాను. మూడో రోజుకు మాట ఆయన చేతిని పట్టుకుంది. ముందు జాగ్రత్తగా మొదటి చరణంలో సైడ్ డ్రమ్మును పూర్తిగా ఆపి, పెద్ద డ్రమ్మును ప్రతి ఏడింటికి ఒక్కసారి మాత్రమే ఉంచాను.

ఇక వాతావరణం. మా అభ్యాసాలు రేకుల షెడ్డులో మధ్యాహ్నాలు జరిగాయి, అక్కడ 30 డిగ్రీలకు తగ్గదు. కచేరీ జనవరి రాత్రి, 20 డిగ్రీల దగ్గర. గాలి చల్లబడితే శబ్ద వేగం తగ్గి సుషిర వాద్యాల శ్రుతి దిగుతుంది. ఆ పది డిగ్రీల తేడాకు లెక్క ప్రకారం అర మెట్టులో మూడో వంతుకు దగ్గరగా దిగాలి. వాయించేవాడి ఊపిరి వేడి వల్ల నిజంలో అంత దిగదు. శ్రుతిపెట్టె, కీబోర్డు మాత్రం అక్కడే ఉంటాయి. షెడ్డులో శ్రుతి కలపడానికి క్లారినెట్ల మెడ ముక్కలు బయటికి లాగి ఉంచారు. వాటిని ఆ రాత్రి లోపలికి నెట్టించాను, తమ వంతు వచ్చేదాకా కూర్చున్నవాళ్ళు ఖాళీగా ఉండక వాద్యంలోకి శబ్దం రాకుండా వెచ్చని ఊపిరి వదులుతూ ఉండాలన్నాను. అప్పటికీ మిగిలిన తేడాకు బ్యాండును బతిమాలకుండా, శ్రుతిపెట్టెనూ కీబోర్డునూ బ్యాండు దగ్గరకు దించాను. కదలగలిగినది కదలలేనిదాని దగ్గరకు రావడమే సులువు.

ఆ రాత్రి

గేటు దగ్గరి నుంచి బ్యాండు వచ్చిన తీరుకు జనం లేచి నిలబడ్డారు. మహిళా బృందం రెండు కీర్తనలూ నాలుగు మైకులతోనే చివరి కుర్చీల దాకా చేరాయి. మిగతా నాలుగు మైకులు కట్టి పక్కన పెట్టారు. చర్చి బృందం రెండో పాటలో కీబోర్డు మీట ఎవరి చేయో తగిలి పాత శ్రుతికి పోయింది. నాలుగు పంక్తుల పాటు అర మెట్టు తేడాతో నడిచాక కీబోర్డు వాయించే అమ్మాయి చేయి తీసేసింది. ఆ లోపు గొంతులు మాత్రం బ్యాండునే పట్టుకొని ఉన్నాయి. పిల్లల అంశం మాత్రం అనుకున్నంత రాలేదు. తొమ్మిది దాటాక మంచు పడుతుంటే అప్పటికి రెండు గంటలుగా కూర్చున్న పిల్లలు నిద్రకు తూగుతున్నారు. వాళ్ళను ముందుగా పాడించి ఇంటికి పంపి ఉండాల్సింది. శ్రుతుల లెక్కలో పడి వయసు లెక్క మరిచిపోయాను. చివరి గేయంలో వాళ్ళలో సగం మందే మెట్ల మీద ఉన్నారు.

నేర్చుకున్నవి

ఫిర్యాదు వినపడడం గురించి వచ్చినప్పుడు ఇప్పుడు నేను మొదట మైకు తీసేసి వింటాను. మైకు లేకుండా గేటు దాకా వచ్చే గొంతు వేదిక మీద మాయమైతే శ్రుతి వెతకాలి. మైకు లేకుండానే రాకపోతే పాడేవాళ్ళ సంఖ్యో, అభ్యాసమో చూడాలి. ఈ వరుస తిప్పితే నేను మొదటి వారంలో చేసినట్టు డబ్బూ ఓపికా ఖర్చవుతాయి.

శ్రుతి నిర్ణయం మొదటి సమావేశంలో ఎవరు ఎక్కువమంది వచ్చారన్నదాని మీద జరగకూడదు. మర్యాద వల్ల కష్టం చెప్పనివాళ్ళు ఏ బృందంలోనైనా ఉంటారు, మన ప్రాంతంలో మరీ ఎక్కువ. వాళ్ళను సభలో కాక విడిగా అడగాలి. అదేవిధంగా వాద్యకారుల్ని సవరించే మాట కూడా విడిగానే అనాలి. నేను ఆ మాట అందరి ముందూ అనకపోయి ఉంటే నా దగ్గర మరో రెండు అభ్యాసాలు మిగిలేవి.

ఆ నిర్వాహకులే మళ్ళీ అడిగారు. ఈసారి ఒక్కో బృందానికీ ఒక కాగితం ముందే పంపాను: మీ శ్రుతి ఏది, మీ పాట ఎంత కిందికీ ఎంత పైకీ వెళుతుంది, ఎంతమంది, ఎంత వయసువాళ్ళు. ఇంకో గడి ఒకటి కొత్తగా చేర్చాను: పాటలో ఎక్కడెక్కడ ఊపిరి తీస్తారు? పోయిన కచేరీ రికార్డింగు వింటే, కీర్తనలో రెండు చోట్ల గాయకులూ క్లారినెట్లూ ఒకేసారి ఊపిరి తీసి పాటలో గుంతలు పడడం వినిపించింది. ఆ గుంతలను యుఫోనియాలతో పూడ్చవచ్చేమో అభ్యాసంలో చూడాలి. లీడరు గారు అప్పుడే ఆ రెండు చోట్లా పెన్సిలుతో గీతలు పెట్టుకున్నారు.